మెర్సో తాగిన కాఫీ

నమస్కారం. వైజాగ్‌లో పుస్తకాలు చదివేవాళ్లలో ఎవరితో ఆల్బర్ట్ కామూ నవల 'ది స్ట్రేంజర్' మాటెత్తినా ఒకటే అంటారు: "అమ్మ పోతే ఏడవలేదండీ, వాడేం మనిషి?" విన్నప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. 1942లో వచ్చిన నవల, కథ మీకు తెలిసిందే: మెర్సో అనే అతను తల్లి అంత్యక్రియలైన కొద్దిరోజులకే అల్జీరియాలో ఒక బీచ్‌లో ఓ అరబ్బుని కాల్చి చంపుతాడు, కోర్టులో కేసు నడుస్తుంది. అందుకని నేరుగా కాఫీ దగ్గరికి వస్తాను.

తల్లి శవపేటిక పక్కన రాత్రి కూర్చున్న మెర్సోకి అక్కడి కాపలాదారు పాలు కలిపిన కాఫీ ఇస్తాడు. తాగుతాడు. తర్వాత హత్యకేసులో ఆ కాఫీ కూడా నేరమైపోతుంది. బయటివాడు ఇస్తే ఇవ్వొచ్చు, కన్నకొడుకు వద్దనాలి కదా అంటాడు ప్రాసిక్యూటర్.

మన దగ్గర చావింట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లే ఫ్లాస్కులో కాఫీ తెచ్చి "ఓ గుక్క తాగు నాయనా" అని బతిమాలతారు. తాగితే ఎవరూ తప్పుపట్టరు. ఏడ్చాడా లేదా అన్నది మాత్రం షామియానా కింద కూర్చున్న ప్రతి ఒక్కరూ చూస్తారు. మా నాన్న పోయినరోజు నాకు కన్నీళ్లు రాలేదు. ఫ్రీజర్ బాక్స్ ఎప్పుడొస్తుంది, బండి ఎన్నింటికి, ఇదే టెన్షన్. మూడు వారాల తర్వాత కరెంటు బిల్లు మీద ఆయన పేరు చూసి ఏడ్చాను. అప్పుడు షామియానా లేదు.

మెర్సోకీ అలాంటి రాత్రి ఒకటుంది. చాలామంది దాన్ని గబగబా దాటేస్తారు. పక్కింటి ముసలాయన సలమానో, రోజూ తిట్టి కొట్టే తన కుక్క తప్పిపోతే గోడ అవతల ఏడుస్తాడు. అది విని మెర్సోకి ఎందుకో అమ్మ గుర్తొస్తుంది. ఆకలి లేదని ఏమీ తినకుండా పడుకుంటాడు. తాగిన కాఫీని కోర్టు లెక్కపెట్టింది గానీ, ఈ మానేసిన భోజనం ఎవరి లెక్కలోకీ రాలేదు. అతని ఒంటరితనం నాకు అక్కడే కనిపిస్తుంది. బాధ ఉన్నా దాన్ని చెప్పుకోవడం రాదు, నటించడం అసలే రాదు.

టైమ్ అయిపోతోంది, ఎండ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎండ వల్లే కాల్చానని మెర్సో అంటే కోర్టులో నవ్వుతారు. మే నెల మిట్టమధ్యాహ్నం ఆర్కే బీచ్ ఇసుకలో నిలబడ్డవాళ్లకి ఆ ఎండ అర్థమవుతుంది. హత్య అర్థం కాదు, కాకూడదు కూడా.

చివరగా, చనిపోయిన ఆ అరబ్బుకి నవలలో పేరే లేదు. అల్జీరియా రచయిత కమెల్ దావూద్ 2013లో ఆ అరబ్బు తమ్ముడి గొంతుతో ఇంకో నవల రాసి, చనిపోయినవాడికి మూసా అని పేరు పెట్టాడు. నాతో మాట్లాడిన పాఠకులంతా ఏడుపు గురించే అడిగారు, అతని పేరు ఒక్కరూ అడగలేదు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అడగలేదు.