నోటికి నెత్తురు దారి మారిన వేళ

అందరికీ నమస్కారం. డెంటల్ ఫస్టియర్ పిల్లలకు ఈ పాఠం మొదలుపెట్టినప్పుడల్లా ముందు వాళ్ల అరచేతిలో చెవిలోని అంకవన్నె ఎముక పెడతాను. పొడవు 3 మిల్లీమీటర్లు ఉంటుందేమో. "నోటి పాఠానికి చెవి ఎముకెందుకు మేడమ్?" అంటారు. దాని మధ్యలో ఉన్న రంధ్రం చూడమంటాను. మనం కడుపులో ఉన్నప్పుడు ముఖానికీ దవడలకూ నెత్తురు తీసుకెళ్లిన ధమని ఆ రంధ్రంలోంచే వెళ్లింది.

ఫలదీకరణ జరిగిన నాలుగో వారంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పుడే మెడ భాగంలో కమానుల్లా జత జతగా ధమనులు ఏర్పడతాయి. మొదటి జత కొద్ది రోజుల్లోనే చాలావరకు కరిగిపోతుంది. రెండో జత నుంచి ఆ రంధ్రంలోంచి వెళ్లే మన అంకవన్నె ధమని పుడుతుంది. ఈలోగా మెడలోంచి బాహ్య కరోటిడ్ అనే మరో ధమని పైకి ఎదిగి, అంకవన్నె ధమని కొమ్మలతో కలుస్తుంది. నెత్తురంతా ఈ కొత్త దారి పడుతుంది. పాత ధమని మొదటి భాగం మూడో నెలకల్లా మాయమవుతుంది, రంధ్రం మిగిలిపోతుంది. ఎక్కడో అరుదుగా కొందరిలో ఆ ధమని పోకుండా ఉండిపోతుంది. చెవి ఆపరేషన్ చేసే డాక్టర్‌కి అది ఎదురైతే ఎంత టెన్షనో ఆలోచించండి.

కింది దవడలో ముందు నరం వస్తుంది, దాని వెంటే ధమని. వాటి చుట్టూ ఎముక కట్టుకుంటుంది. అందుకే పన్ను పీకే ముందు మత్తు సూది గుచ్చి, పిస్టన్ కాస్త వెనక్కి లాగి చూస్తాం. నెత్తురు కనిపిస్తే నరం పక్కనున్న నాళంలో సూది పడిందన్నమాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పంటి మొలక, అంటే దవడలో పన్ను తయారయ్యే ముద్ద. దాని లోపలి గుజ్జులోకి రక్తనాళాలు వస్తాయి. పంటి పైనుండే గట్టి పొర ఎనామెల్‌ను తయారుచేసే భాగంలోకి మాత్రం రావు. ఎనామెల్ కట్టే కణాలకు మొదట్లో గుజ్జువైపు నుంచే పోషణ అందుతుంది. మధ్యలో డెంటిన్, అంటే ఎనామెల్ కిందుండే పొర, గట్టిపడగానే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు మొలక పైపొర ముడతలు పడుతుంది, బయటి సన్నని నాళాలు ఆ ముడతల్లోకి చేరి దగ్గరవుతాయి. ఎనామెల్ పని ముగిసి, పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికి ఆ కణాలు రాలిపోతాయి. అరిగిన ఎనామెల్‌ను మళ్లీ కట్టడానికి అక్కడ కణమూ ఉండదు, నెత్తురూ ఉండదు.