అద్దాల మేడలో అడవి: దీన్ని ప్రకృతి కేంద్రం అంటారా?

ప్రేక్షకులకు నమస్కారం. ఈ రోజు నేను చెప్పబోయే మాట కొందరికి మింగుడుపడకపోవచ్చు, అయినా మొదటే చెప్పేస్తున్నాను: తలుపులన్నీ బిగించి, ఏసీ వేసి, అడవిని చూపించే భవనం ప్రకృతి కేంద్రం కాదు. అది జంతువుల బొమ్మలు పెట్టిన షోరూము.

శేషాచలం అంచున, తిరుపతికి దగ్గరలో, ప్రజల కోసం కట్టిన ఒక ప్రకృతి కేంద్రానికి ఈ మధ్య వెళ్లాను. పేరు చెప్పను, ఒక్క సంస్థను వీధికీడ్చితే నయమయ్యే జబ్బు కాదిది. గుమ్మం పక్కనే ‘హరిత భవనం’ అన్న బోర్డు మెరుస్తోంది. ముందుభాగమంతా నేల నుంచి కప్పు దాకా అద్దమే, అదీ పడమటి ఎండకు సూటిగా ఎదురుగా. లోపల ఫైబరు చిరుత, ఫైబరు దుప్పి, మీట నొక్కితే కూత పెట్టే దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్) బొమ్మ ఉన్నాయి. తెరుచుకునే కిటికీ ఒక్కటీ లేదు కాబట్టి, బయట చెట్టు మీద నిజంగా కూస్తున్న పిట్ట గొంతు లోపలివారికి చేరే అవకాశమే లేదు.

ఇప్పుడు ఆ హరిత లెక్క ఎలా ఉందో చూడండి. వేసవిలో నలభై డిగ్రీలు దాటే తిరుపతి ఎండను అద్దం లోపలికి తెస్తుంది, ఆ వేడిని ఏసీ బయటికి నెడుతుంది, ఆ ఏసీకి కావలసిన కరెంటును కప్పు మీది సౌరఫలకలు ఇస్తాయి. ముందు కావాలని సమస్యను కట్టి, తరువాత దానికి విరుగుడు కొని, ఆ విరుగుడును చూపించి బోర్డు తగిలించుకోవడాన్ని ఏమనాలి? పైగా ఆ అద్దంలో ఆకాశమూ చెట్లూ ప్రతిబింబిస్తే, పక్షులు దారి ఉందనుకుని ఎగిరొచ్చి గుద్దుకుని చస్తాయి. పక్షుల గురించి పాఠం చెప్పే గోడే పక్షులను చంపగలదన్నమాట!

ఇంతకంటే మెరుగ్గా కట్టడం మనకు చేతకాదా అంటే, హైదరాబాదులో సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం 2004లోనే ప్రారంభమైంది. గాలి బురుజులతో లోపలికి చల్లగాలి పంపడం, కప్పు మీద పచ్చిక పెంచి వేడిని ఆపడం, వాడిన నీటిని మొక్కల వేళ్లతో శుద్ధి చేయడం అప్పుడే చేసి చూపించారు. అంత దూరం కూడా అక్కరలేదు, మన పల్లెల్లోని పాత మట్టిమిద్దెల్లోకి మిట్టమధ్యాహ్నం అడుగుపెట్టిన వారికి మందపాటి గోడ ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కరలేదు. వాన సంగతీ అంతే. మన తిరుపతికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, ఏడాది చివరి మూడు నెలల్లో వస్తాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన దృశ్యాలను ఎవరూ మరచిపోలేదు. అలాంటి ఊళ్లో వాననీటి తొట్టి ఫోటోకు సరిపోయేంత కాక, నవంబరు వానకు తట్టుకునేంత ఉండాలి.

భవనం గురించి ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగేవారికి నా సిద్ధాంతం వినిపిస్తాను, ఒప్పుకోవడం మీ ఇష్టం. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుతకు బలైన తరువాత, భక్తుల చేతికి కర్రలివ్వాలన్న నిర్ణయం మీద ఎంత రగడ జరిగిందో మీకు తెలుసు. కర్ర ఇవ్వడం తప్పా ఒప్పా అని అందరూ కొట్టుకున్నారు గానీ, ఆ కర్ర పట్టుకునే మనిషికి అడవి గురించి ఏం తెలుసునని అడిగినవారు తక్కువ. పారేసిన తిండికి కుక్కలూ పందులూ చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. పిల్లలను ముందు వదిలి పెద్దలు వెనక నడవకూడదు, చిరుత ఎదురైతే వెన్ను చూపి పరుగెత్తకూడదు. ఈ నాలుగు ముక్కలు చెప్పవలసిన చోట ఫైబరు చిరుత పక్కన సెల్ఫీ దిగే ఏర్పాటు చేశారు! అద్దం వెనక నుంచి అడవిని చూడడం అలవాటైనవాడే నడకదారిలో దుప్పికి తిండి పెట్టి ఫోటో దిగుతాడు, సాయంత్రానికి కర్ర కావాలంటాడు. భయానికీ చనువుకీ మూలం ఆ అద్దమే అంటాను నేను.

తిరుపతిలో జంతు ప్రదర్శనశాల ఉంది కదా అంటారు. ఉంది, 1987 నుంచీ ఉంది, ఐదు వేల ఎకరాలకు పైగా ఉంది, నాకూ ఇష్టమే. కానీ అక్కడ సింహాన్ని చూసి మురిసిపోయి వచ్చిన మనిషికి, తాను ఎక్కే కొండ రాతి పగుళ్లలోనే బంగారు బల్లి కాపురముంటుందని గానీ, ఈ దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని పసుపు గొంతు పిగిలిపిట్ట ఒకటి ఉందని గానీ తెలియదు. 2010లో జీవావరణ రిజర్వుగా (బయోస్ఫియర్ రిజర్వు) ప్రకటించిన శేషాచలం కొండల కింద బతుకుతూ, మన పిల్లలు ఆఫ్రికా జంతువుల పేర్లు గడగడ అప్పజెప్పడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కాబట్టి మీ ఊళ్లో ప్రకృతి కేంద్రం ఉంటే ఒక పని చేయండి. మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి, ఏసీ ఆపి అరగంట కూర్చోనివ్వమని మర్యాదగా అడగండి. వాళ్లు ఒప్పుకుని, మీరు కూర్చోగలిగితే, ఆ కేంద్రం పేరు కింద రాయండి. నేనే స్వయంగా వచ్చి దాని మీద ఇంతకు రెట్టింపు నిడివి వీడియో చేస్తాను.