రెడూతే గులాబీకి నకలు: ఒకే పువ్వు వాటర్ కలర్‌లో, గ్వాష్‌లో

[తెరపై: రోసా సెంటిఫోలియా చిత్రం. విచ్చిన పువ్వు నెమ్మదిగా దగ్గరవుతుంది.]

మీరు చూస్తున్న ఈ గులాబీని పూల చిత్రకారుడు పియేర్ జోసెఫ్ రెడూతే చిత్రించారు. 1817 నుంచి 1824 వరకు పారిస్‌లో విడతలుగా వెలువడిన ‘లే రోజ్’ అనే గ్రంథంలోనిది ఈ బొమ్మ. సెంటిఫోలియా అంటే నూరు రేకులది అని అర్థం. ఇన్ని రేకులున్న పువ్వు కొత్తవారికి కష్టమని చాలామంది అంటారు గానీ, ఒకే రంగు మీద వెలుగునీడల తేడాలన్నీ ఇందులో దొరుకుతాయి కనుక నకలు వేయడానికి నేను దీనినే సూచిస్తాను.

[తెరపై: ఒక రేకును బాగా పెద్దది చేసిన దృశ్యం. చుక్కలు కనిపిస్తాయి.]

బొమ్మను ఇంత పెద్దది చేస్తే సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి కుంచె వేసినవి కావు. రాగి పలక మీద చుక్కలుగా చెక్కి, ఆ పలకకే రంగులు అద్ది ముద్రించి, ఆపైన చేత్తో వాటర్ కలర్ దిద్దిన ప్రతి ఇది. ఆ సంగతి తెలియక నా మొదటి నకలులో చుక్కలన్నీ ఓపికగా పెట్టాను, గులాబీకి ఆటలమ్మ పోసినట్టు తయారైంది. కాబట్టి చుక్కలను వదిలి, వాటి వెనుక ఉన్న నీడను మాత్రమే చూడండి.

ఈ పువ్వును పారదర్శకమైన వాటర్ కలర్‌తోనూ, కింది పూతను కప్పేసే అపారదర్శకమైన నీటి రంగు గ్వాష్‌తోనూ వేయమనడానికి చరిత్రలోనే కారణముంది. ఫ్రెంచి రాజుల సేకరణ కోసం దూడ చర్మం మీద వేసిన పూల బొమ్మల్లో గ్వాష్‌దే పైచేయిగా ఉండేది. రెడూతేకు దారి చూపిన గెరార్డ్ వాన్ స్పేన్‌డాంక్ ఆ సంప్రదాయాన్ని పారదర్శకమైన వాటర్ కలర్ వైపు మళ్లించారు.

[తెరపై: కాగితం, పెన్సిలు, రెండు కుంచెలు.]

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) కాటన్ కాగితంలో నున్నటి రకం తీసుకుని, గట్టి ములుకున్న 2హెచ్ పెన్సిలుతో అంచులను తేలికగా గీయండి. ముందుగా వాటర్ కలర్. ఇందులో తెలుపు అంటే కాగితమే. రేకు మీద వెలుగు పడిన చోటును తడపకుండా వదిలి, మిగతా భాగాన్ని నీళ్లతో తడిపి, పలచని గులాబీ రంగును నీడవైపు నుంచి వదలండి. అది పూర్తిగా ఆరాకే రెండో పూత వేయాలి. సగం తడి మీద కుంచె పెడితే కాలీఫ్లవర్ అంచుల్లాంటి మరక మిగులుతుంది. పువ్వు నడుమనున్న ముదురు నీడ ఒక్క పూతలో రాదు, నాలుగైదు పలచని పూతలు కావాలి. అసలైన అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు వెలుతురుకు వెలిసిపోతుంది కనుక క్వినాక్రిడోన్ రోజ్ అనే గులాబీ రంగు వాడడం మేలు.

[తెరపై: అదే పువ్వు, గ్వాష్‌తో.]

గ్వాష్‌లో వరస తిరగబడుతుంది. ఇక్కడ తెలుపు కూడా రంగే కనుక మధ్యస్థమైన గులాబీ రంగుతో మొదలుపెట్టి, ముందు నీడను, చివరకు వెలుగును పెడతాము. రంగు చిలికిన పెరుగంత చిక్కగా ఉంటే చాలు. మరీ మందమైతే ఆరాక బీటలు వారుతుంది, పైపూతలో నీళ్లు ఎక్కువైతే కింది పూత కరిగి కలిసిపోతుంది. లేత రంగులు ఆరాక కాస్త ముదురుతాయి, ముదురువి కాస్త తేలిపోతాయి. అందుచేత ప్రతి మిశ్రమాన్నీ పక్క కాగితం మీద ఆరబెట్టి చూసుకోండి. మొఘల్ సూక్ష్మచిత్రాలు కూడా ఇలాంటి అపారదర్శకమైన నీటి రంగులతోనే వేశారు కనుక, ఈ పద్ధతిని ఫ్రాన్సు సొత్తుగా అనుకోనక్కరలేదు.

[తెరపై: రెండు నకళ్లు పక్కపక్కన.]

రెండూ పూర్తయ్యాక ఆకులను వేయండి. ఆకుపచ్చ రంగు గొట్టాన్ని నేరుగా వాడక, నీలం, పసుపు కలిపి, కొంచెం గులాబీ రంగు చేర్చితే ఆకు పువ్వుతో కలిసిపోతుంది. కాగితం వెనుక ‘రెడూతే చిత్రానికి నకలు’ అని, తేదీతో సహా రాయండి. మొగ్గలను ఇప్పుడే వేయకండి; వచ్చే వారం అసలు బొమ్మ చూడకుండా వాటిని వేద్దాము.