స్పోర్ట్స్ మాంగా హీరో ఎందుకు గుర్తుంటాడు: వాడికి రానిదేంటో ముందు రాయండి

నమస్తే అండి. ఈ రోజు వీడియో బొమ్మలు గీయడం గురించి కాదు, గీసిన హీరో చదివినవాళ్లకి గుర్తుండటం గురించి. స్పోర్ట్స్ మాంగా, అంటే ఆటల మీద వచ్చే జపాన్ కామిక్స్, చదివీ చదివీ మనం కూడా ఒకటి గీద్దాం అని పెన్సిల్ పట్టుకున్నవాళ్ల కోసం. స్పాయిలర్లు ఉంటాయి, అవి లేకుండా ఈ విషయం చెప్పడం నా వల్ల కాదు. స్లామ్ డంక్, హైక్యూ ఇంకా చదవకపోతే ఇక్కడే ఆపేసి చదివి రండి, వీడియో ఎక్కడికీ పోదు.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. మూడేళ్ల కింద కబడ్డీ మీద ఒక కామిక్ మొదలుపెట్టాను. మొదటి పేజీలో దుమ్ము, రెండో పేజీలో మన హీరో తొడ కొట్టడం, మూడో పేజీలో ఒక్క రైడ్‌లో ఐదుగురిని అవుట్ చేసి తిరిగి రావడం. బొమ్మలు బాగానే వచ్చాయి, ఆ దుమ్ము షేడింగ్‌కే నాలుగు రోజులు పట్టింది. మా అక్క కొడుక్కి పన్నెండు పేజీలు చూపించాను. వాడు గబగబా తిప్పేసి, "మామా, వీడు గెలుస్తాడుగా, మరి మిగతాది ఎందుకు చదవాలి?" అన్నాడు. పదేళ్లు వాడికి. ఆ కామిక్ అక్కడితో ఆగిపోయింది.

వాడు అడిగింది నిజంగానే పెద్ద ప్రశ్న. ఎందుకంటే స్లామ్ డంక్‌లో కూడా హీరో గెలుస్తాడని మనకి తెలుసు, అయినా ముప్పై ఒక్క సంపుటాలు కూర్చుని చదివాం. మరి తేడా ఎక్కడుంది?

నాకు అర్థమైంది ఇది. హీరోకి ఏం వచ్చో కాదు, ఏం రాదో మనకి తెలియాలి. అది కూడా ఒంటితో చేసే పని అయ్యుండాలి, పేజీ మీద కంటికి కనిపించాలి. "వాడికి ఆత్మవిశ్వాసం లేదు" అని రాసుకుంటే దాన్ని ఎలా గీస్తారు? తలకాయ దించుకుని కూర్చున్నట్టా? "వాడు బంతిని చూడకుండా కొడతాడు" అని రాసుకోండి, అది గీయొచ్చు.

ఇప్పుడు స్లామ్ డంక్ హీరో సకురాగి దగ్గరికి వద్దాం. (స్క్రీన్ మీద: స్లామ్ డంక్, 1990 నుంచి 1996, వీక్లీ షోనెన్ జంప్.) దీన్ని గీసిన తకేహికో ఇనోవే హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడిన మనిషి, అందుకే ఆయనకి ఒక సంగతి బాగా తెలుసు: కొత్తగా వచ్చినవాడికి ఏదీ రాదు, కానీ ఏదీ రాదని వాడికే తెలియదు. సకురాగి హనమిచి ఎర్ర జుట్టు, ఆరడుగులు దాటిన ఒడ్డూపొడుగూ, కొట్లాటల్లో పేరు మోసినవాడు. మిడిల్ స్కూల్లో యాభై మంది అమ్మాయిలు కాదన్నారు, యాభయ్యో అమ్మాయి తనకి బాస్కెట్‌బాల్ టీమ్‌లో అబ్బాయి ఇష్టమని చెప్పింది కాబట్టి ఆ ఆటంటేనే ఒళ్లు మంట. అలాంటివాడిని హైస్కూల్లో హరుకో అనే అమ్మాయి వచ్చి "బాస్కెట్‌బాల్ ఇష్టమా?" అని అడుగుతుంది. వీడు ఆమె మొహం చూసి, చాలా ఇష్టం అంటాడు. పచ్చి అబద్ధం. ఈ అబద్ధాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

టీమ్‌లో చేరాక వీడి చేత ఏం చేయించారు? కోర్టు మూలన డ్రిబ్లింగ్. రోజూ అదే. మిగతావాళ్లు మ్యాచ్ ఆడుకుంటుంటే వీడు పక్కన బంతి కొడుతూ ఉంటాడు, చిర్రెత్తి ఒకసారి వదిలేసి వెళ్లిపోతాడు కూడా. తర్వాత లే-అప్, అంటే పరుగెత్తుకుంటూ వచ్చి బుట్ట దగ్గర బంతిని మెల్లగా వేయడం, దానికి "సామాన్యుల షాట్" అని వాడే పేరు పెట్టుకుంటాడు, జీనియస్ కదా, వాడి స్థాయికి డంక్, అంటే ఎగిరి బంతిని బుట్టలోకి బాదడం, మాత్రమే తగుతుందట. తర్వాత రీబౌండ్, అంటే గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని పట్టుకోవడం. ఇక్కడ ఇనోవే పనితనం చూడండి, వాడికి ఒక్కొక్కటీ వస్తున్నకొద్దీ మనకి కూడా బాస్కెట్‌బాల్ వస్తుంటుంది. నేను జన్మలో బాస్కెట్‌బాల్ ఆడలేదు, కానీ రీబౌండ్‌కి ముందు వెనకవాడిని నడుంతో ఆపి పెట్టాలని నాకు తెలుసు, ఎందుకంటే సకురాగికి అది తెలియక ఇబ్బంది పడటం చూశాను. పాఠం చెప్పాల్సిన పని లేకుండా హీరో తెలియనితనమే పాఠం చెప్పేసింది.

ఇప్పుడు సకురాగి టీమ్ షోహోకుకి, ప్రత్యర్థి టీమ్ కైనాన్‌కి మధ్య మ్యాచ్. కొన్ని సెకన్లే మిగిలాయి, రెండు పాయింట్లు వెనక ఉన్నారు, బంతి సకురాగి చేతిలో ఉంది. బుట్ట కింద నించున్న తన కెప్టెన్ అకాగికి పాస్ చేస్తాడు. కానీ అతను అకాగి కాదు, దాదాపు అదే పోలికలతో ఉండే కైనాన్ ఆటగాడు తకసాగో. ఎదుటివాడి చేతిలో బంతి పెట్టేశాడన్నమాట. 90-88, షోహోకు ఓడిపోయింది.

ఇలాంటి చోట మనలో చాలామంది ఏం గీస్తాం? వాన, మోకాళ్ల మీద కూలబడటం, ఆకాశం వైపు చూసి అరవడం, వీలైతే ఒక ఫ్లాష్‌బ్యాక్. ఇనోవే ఏం చేశాడంటే, సకురాగికి గుండు కొట్టించాడు. మొదటి పేజీ నుంచి వాడిని మనం గుర్తుపట్టేదే ఆ ఎర్ర జుట్టుతో. దాన్ని తీసేయించుకుని వచ్చాడంటే ఎంత సిగ్గుపడ్డాడో విడిగా డైలాగ్ రాయక్కర్లేదు. అందులో కామెడీ కూడా ఉంది, అందరూ ఆ గుండు చూసి నోరెళ్లబెడతారు, మనకీ నవ్వొస్తుంది, నవ్వుతూనే గొంతు దగ్గర ఏదో అడ్డం పడుతుంది.

తర్వాత జాతీయ టోర్నమెంట్‌కి ముందు ఒక వారం. టీమ్ మొత్తం షిజువోకా వెళ్తుంది, వీడిని మాత్రం స్కూల్లోనే ఉంచుతారు. వారంలో ఇరవై వేల జంప్ షాట్లు. మొదట్లోనే వాడు షాట్ వేస్తుండగా వీడియో తీసి వాడికే చూపిస్తారు. తన భంగిమ అంత దరిద్రంగా ఉంటుందని వాడు ఊహించలేదు, బిత్తరపోతాడు. నాకు మొత్తం సిరీస్‌లో ఎక్కువ ఇష్టమైన సన్నివేశాల్లో అదొకటి. జీనియస్ జీనియస్ అని డప్పు కొట్టుకున్నవాడు మొదటిసారి తనని తాను బయటి నుంచి చూసుకున్నాడు, చూశాక గొడవ చెయ్యలేదు, మోచెయ్యి సర్దుకుని మళ్లీ వేశాడు. ఒక్కటే మాట పట్టుకున్నాడు: ఎడమ చెయ్యి ఊరికే ఆనించాలి, అంతే.

మనకి పూర్తిగా చూపించే చివరి మ్యాచ్ సన్నో అనే టీమ్‌తో. వీడికి వెన్నుకి దెబ్బ తగిలింది, అయినా లేస్తాడు. లేచి హరుకో భుజాలు పట్టుకుని, నాకు చాలా ఇష్టం, ఈసారి అబద్ధం కాదు అంటాడు. మొదటి అధ్యాయంలో ఆడిన అబద్ధం గుర్తుందా? అదే మాట. మాట మారలేదు, మనిషి మారాడు. ఆ తర్వాత చివరి క్షణాల్లో మాటలు దాదాపు మాయమైపోతాయి, పేజీల కొద్దీ పరుగు మాత్రమే. ఒక పాయింట్ వెనక ఉన్నారు. సకురాగికి ఎప్పుడూ పాస్ ఇవ్వని టీమ్‌మేట్ రుకావా చుట్టూ చూస్తాడు, కుడివైపు సకురాగి ఖాళీగా ఉన్నాడు, చేతులు సిద్ధంగా పెట్టుకుని, ఎడమ చెయ్యి గురించి ఆ ఒక్క మాటా గొణుక్కుంటూ. పాస్. షాట్. 79-78.

గమనించారా, డంక్ కాదు. మాంగా పేరే స్లామ్ డంక్, గెలిపించింది మాత్రం మామూలు జంప్ షాట్, నాలుగు నెలల కింద వాడికి రానిది. ఆ పై మ్యాచ్‌లో షోహోకు చిత్తుగా ఓడిపోతుంది, దాన్ని ఇనోవే ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాడు. ధైర్యం అంటే అదీ.

సరే, సకురాగి దగ్గరే ఉండిపోతే తెల్లారిపోతుంది. హైక్యూకి వద్దాం, వాలీబాల్ మాంగా, గీసింది హరుఇచి ఫురుదాతే, 2012 నుంచి 2020. హీరో హినాతా పొట్టి, కానీ ఎగరగలడు. "పొట్టివాడు అయినా ఎగురుతాడు" అన్నదే వాడి గుర్తు అని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. అది పోస్టర్ మీద రాసుకునే మాట. మొదట్లో వాడు కళ్లు మూసుకుని చెయ్యి ఊపుతాడు, టీమ్‌లో బంతి అందించే కగెయామా దాన్ని సరిగ్గా ఆ చేతికే అందిస్తాడు. అద్భుతంగా ఉంటుంది. కానీ ఆ అద్భుతంలో హినాతా సొంతం ఎంత? ఆ ప్రశ్న వాడికే వస్తుంది, కళ్లు తెరిచి కొడతానంటాడు, దాని మీద ఇద్దరికీ కొట్లాట కూడా అవుతుంది. గెలిపిస్తున్న ఆయుధాన్నే హీరో అనుమానించడం మామూలు విషయం కాదు.

ఇంకొకటి. జిల్లా మొత్తం నుంచి ఫస్టియర్ కుర్రాళ్లని ఏరి షిరతోరిజావా స్కూల్లో శిక్షణ శిబిరం పెడతారు. హినాతాకి పిలుపు లేదు. వీడు పిలవని పేరంటానికి వెళ్లినట్టు వెళ్లిపోతాడు. అక్కడి కోచ్ ఆడనివ్వడు, బాల్ బాయ్‌గా ఉండిపోతాడు. బంతులు ఏరుతూ, నేల తుడుస్తూ, నీళ్లందిస్తూ. మొదట కడుపుమంట, తర్వాత మెల్లగా అందరి కాళ్లూ ఎటు కదులుతున్నాయో చూడటం మొదలుపెడతాడు, బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టడం అలవాటవుతుంది. ఎప్పుడూ గాల్లో ఉండే హీరోని తీసుకొచ్చి నేల తుడిపించాడు రచయిత. ఆ తర్వాత ఇనారిజాకి అనే టీమ్‌తో మ్యాచ్‌లో, రిసీవ్ (ఎదుటివాళ్లు కొట్టిన బంతిని కింద పడకుండా లేపడం) అంటేనే తన టీమ్‌ని భయపెట్టే హినాతా ఒక గట్టి స్పైక్‌ని శుభ్రంగా పైకి లేపుతాడు. ఒక్క రిసీవ్, పాయింట్ కూడా కాదు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, "మరి ప్రిన్స్ ఆఫ్ టెన్నిస్‌లో రియోమా సంగతేంటి, వాడికి మొదటి పేజీ నుంచే అన్నీ వచ్చు కదా?" అని. కరెక్టే. ఎడమచేతి వాటం అయ్యుండి కుడిచేత్తో ఆడి మరీ అవతలివాళ్లని ఆటపట్టిస్తాడు. కానీ వాడు ఆడేదంతా వాళ్ల నాన్న ఆట. వాడి టీమ్ కెప్టెన్ తెజుకా వాడిని ఒక్కడినే పిలిచి ఓడించేది అందుకే. వాడికి రానిది సొంత ఆట. అంత బలవంతుడైన హీరో కావాలంటే రానిదాన్ని కూడా అంత లోతుగా దాచాలి, అది కష్టమైన దారి, మొదటి కామిక్‌కే ఆ జోలికి పోవద్దని నా సలహా.

రానిది మొదట్లోనే ఉండాలని కూడా లేదు. 1968లో మొదలైన బాక్సింగ్ మాంగా అషిత నో జోలో, హీరో జోకి ప్రత్యర్థిగా రికీషి అని ఒక బాక్సర్ ఉంటాడు. అతను జో కంటే బరువు, ఒకే తరగతిలో తలపడటం కోసం నీళ్లు కూడా మానేసి ఒళ్లు కరిగించుకుంటాడు, గెలుస్తాడు, గెలిచి చనిపోతాడు. 1970 మార్చిలో ప్రచురణ సంస్థ కోదన్‌షాలో అతనికి నిజంగా అంత్యక్రియల సభ పెట్టారు, ఏడు వందల మంది దాకా వచ్చారు, కాగితం మీద బొమ్మకి! ఆ తర్వాత జో రింగ్‌లోకి వస్తాడు, ఎదుటివాడి మొహం మీద కొట్టలేడు, కొట్టబోతే వాంతి. బాక్సర్‌కి అంతకంటే పెద్ద లోటు ఏముంటుంది? వచ్చిన విద్యనే లాగేసుకున్నారు. ఎవరైనా చనిపోతే హీరోకి కోపమొచ్చి ఇంకా బలవంతుడైపోయే కథలు చూసి చూసి ఉన్నాం కదా, ఇక్కడ తిరగబడింది.

మన దగ్గరికి కూడా ఇది ఒకసారి వచ్చింది తెలుసా, క్యోజిన్ నో హోషి అనే పాత బేస్‌బాల్ మాంగాని 2012లో సూరజ్ పేరుతో క్రికెట్ కథగా మార్చి హిందీ టీవీలో వేశారు. బ్యాట్, బంతి మారినా కొడుకుని వేపుకుతినే తండ్రి మాత్రం అలాగే ఉన్నాడు. ఆ తండ్రిని మనకి విడిగా పరిచయం చెయ్యాలా ఏంటి.

ఇప్పుడు మన పని. కాగితం తీసుకోండి. "నా హీరోకి ఫలానాది రాదు" అని ఒక్క వాక్యం. కింద, ఎందుకు రాదు? ఈ రెండోదానికి జవాబు ఆట బయట దొరకాలి. హాజిమె నో ఇప్పో అనే బాక్సింగ్ మాంగా చదివినవాళ్లకి తెలుసు, హీరో ఇప్పో వాళ్లమ్మతో చేపల పడవ మీద పనిచేస్తాడు, ఊగే పడవ మీద నిలబడీ నిలబడీ కాళ్లు గట్టిపడ్డాయి, వాడి గుద్దుకి బలం అక్కడిదే. నేను దాన్నే తిప్పి వాడుకున్నాను, బతుకు ఇచ్చిన బలమే ఆటలో అడ్డం పడితే?

నా కబడ్డీ కుర్రాడిని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వాళ్ల నాన్న గీత కార్మికుడు, నల్లగొండ వైపు. వీడు చిన్నప్పటి నుంచి మోకు, ముత్తాదు కట్టుకుని తాళ్లెక్కినవాడు. పట్టు ఇనుము. కానీ చెట్టు మీద చేతికి ఏది అందితే అది వెంటనే పట్టుకోవాలి, ఆలోచిస్తే కింద పడతావు. కబడ్డీలో కార్నర్‌కి, అంటే వరస చివర నిలబడి రైడర్‌ని పట్టేవాడికి, అదే శాపం. రైడర్ కాలు ముందుకి చాపి ఊరిస్తాడు, ఆ కాలి మీద బరువు పడేదాకా ఆగాలి, పడ్డాక చీలమండ పట్టాలి. మావాడు ముందే దూకేస్తాడు, రైడర్ కాలు వెనక్కి లాగి, వీడిని తాకి నవ్వుకుంటూ గీత దాటి పోతాడు. మావాడికి రానిది ఆగడం. కొత్త మొదటి పేజీలో వాడు అలా మూడుసార్లు అవుట్ అవుతాడు, అన్నిసార్లూ ఒకే కాలికి.

మా అక్క కొడుకు చదివి ఏమీ అనలేదు, రెండో పేజీ అడిగాడు.

అయితే ఒక చిక్కు ఉంది, అది మీకు కూడా వస్తుంది కాబట్టి చెప్పేస్తున్నా. ఎప్పుడో ఒకప్పుడు వాడు ఆగాలి కదా, ఆ బొమ్మ గీయాలి. ఆరుసార్లు గీశాను, ప్రతిసారీ వాడు ఆగినట్టు లేదు, ఊరికే నిలబడినట్టుంది. మడమలు కొంచెం లేపి చూశాను, చూపు రైడర్ కాలి మీద కాకుండా నడుం మీద పెట్టి చూశాను, వేళ్లు విప్పి చూశాను. (స్క్రీన్ మీద: ఆరు స్కెచ్‌లు వరసగా.) నాలుగోది కాస్త దగ్గరగా ఉందనిపిస్తోంది, వేళ్ల వల్ల. వచ్చే వీడియోకి ఏడోది గీసుకొస్తాను, మీరు ఆ రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి.