బోర్లా పెట్టిన ఫోను

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు. నాలుగోసారి నేను చదవను. భోజనాల వాసన కూడా వస్తోంది.

ఆహ్వాన పత్రంలో నా పేరు పక్కన 'పారిశ్రామికవేత్త' అని వేశారు. అది చూసి మా ఇంట్లో పడీ పడీ నవ్వారు. నేను విశాఖ డాబాగార్డెన్స్‌లో 28 ఏళ్ళు షాపు నడిపినవాణ్ణి. మొదట్లో టేప్‌రికార్డర్లు, క్యాసెట్లు, తర్వాత సెల్‌ఫోన్లు. ఎంబీఏ పిల్లలకి నేను చెప్పగలిగిందల్లా కౌంటర్ ఇవతల నిలబడి చూసిందే.

ముందు ఒక పని చేయండి. మీ ఫోన్లు తీసి బల్ల మీద పెట్టండి. రోజూ ఎలా పెడతారో అలాగే... ఆ, చూశారా! మూడో వరసలో ఆ అమ్మాయి బోర్లా పెట్టింది. అద్దానికి గీతలు పడతాయన్న భయం కూడా లేదు. వెల్లకిలా పెడితే ఏ ఫోనైనా నల్లటి అద్దం ముక్కే కదా. బోర్లా పెడితేనే వెనకున్న ఆపిల్ బొమ్మ కనపడుతుంది. ఆ కవర్ ఒకసారి పైకెత్తమ్మా. సరిగ్గా బొమ్మ దగ్గర గుండ్రంగా చిల్లు. ఫోన్‌ని కాపాడ్డానికి కవరు, బొమ్మ కనపడ్డానికి కవరుకి చిల్లు! నేను చెప్పబోయేదంతా ఆ చిల్లు గురించే.

దాన్ని మీరు కూల్ అంటారు. మేం సోకు అనేవాళ్ళం. మా అమ్మయితే 'పైన పటారం, లోన లొటారం' అనేది. చాలా ఏళ్ళు నేనూ అదే నమ్మి డబ్బు పోగొట్టుకున్నాను. ఆ సంగతికి వస్తాను, ముందు వాక్‌మన్.

సోనీ వాళ్ళు ఆ చిన్న క్యాసెట్ ప్లేయర్‌ని 1979లో తెచ్చారు. మొదటి మోడల్‌లో ఇద్దరు కలిసి వినడానికి రెండు హెడ్‌ఫోన్ కంతలు ఉండేవి. మన ఊళ్ళోకి ఓడల్లో పనిచేసేవాళ్ళు పట్టుకొచ్చేవారు. నేను షాపు పెట్టిన కొత్తలో ఒకతను మెళ్ళో హెడ్‌ఫోన్ వేసుకుని రోజూ సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్ళేవాడు. పెన్సిల్ బ్యాటరీలు నా దగ్గరే కొనేవాడు. అదీ నెలకోసారి. రోజూ పాటలు వింటే అవి నెల రోజులు ఎక్కడొస్తాయండీ? మిగతా రోజుల్లో అతను వింటున్నది సముద్రం హోరే!

1997లో ఆపిల్ మునిగిపోయేలా ఉంటే, పోటీలో ఉన్న మైక్రోసాఫ్టే 15 కోట్ల డాలర్లు పెట్టింది. తర్వాతి ఏడాది నీలం రంగు ఐమాక్ కంప్యూటర్, 2001లో పాటలు వినే ఐపాడ్. ఎంపీ3 ప్లేయర్లు అప్పటికే బజార్లో ఉన్నాయి. వాటి ఇయర్‌ఫోన్ తీగలు ఎక్కువగా నలుపు, ఐపాడ్‌ది తెలుపు. జేబులో ఏముందో ఎవరికీ తెలీదు గానీ, చెవి నుంచి జేబులోకి దిగే తెల్ల తీగ రోడ్డు అవతలివాడికీ కనపడుతుంది. కొన్నవాడే డబ్బు కట్టి మరీ కంపెనీకి బోర్డు మోశాడు. 2006లో మైక్రోసాఫ్ట్ 'జూన్' (Zune) అని ఐపాడ్‌కి పోటీగా ఒకటి దించింది. పాట బాగానే పాడేది. ఒక మోడల్ మట్టి రంగులో చేశారు, ఎవరి బుర్రలో పుట్టిందో గాని! 2011కల్లా దాని తయారీ ఆపేశారు.

ఇక నా సంగతి. 2014 అక్టోబర్ 12, ఆదివారం. తేదీ చెప్పగానే ముందు వరసలో తలలు ఊగాయి. హుద్‌హుద్ తుఫాను. మాకు కరెంటు లేదు, సిగ్నల్ లేదు. మా అపార్ట్‌మెంట్లో ఖరీదైన ఫోన్లన్నీ రెండో రోజుకే చచ్చిపోయాయి. నా సొరుగులో పాత నోకియా 1100 ఉంది. 2003లో వచ్చిన ఫోను, ప్రపంచమంతా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. నెత్తి మీద చిన్న టార్చి. ఆ వెలుగులోనే మెట్లెక్కాం, ఆ వెలుగులోనే అన్నాలు తిన్నాం. పైఫ్లాటు వాళ్ళు దాన్ని అరువు పట్టుకెళ్ళేవారు.

విశాఖకి బుద్ధొచ్చింది, ఇక జనం గట్టి ఫోన్లే కొంటారని లెక్కేశాను. టార్చి ఉన్న కీప్యాడ్ ఫోన్లు 200 తెప్పించాను. కౌంటర్లో గాజువాక కుర్రాడు ఉండేవాడు. "గురువు గారూ, తుఫాను వెళ్ళిపోయిందండి, ఇప్పుడివి ఎవరు కొంటారండి?" అన్నాడు. తిట్టాను.

ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ వచ్చారు. ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని, టార్చి వేసి ఆర్పి, తుఫానులో తాము పడ్డ పాట్లు అరగంట చెప్పారు. "ఇలాంటిది ఇంట్లో ఒకటుండాలండీ" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. "మా వాచ్‌మన్‌కి ఒకటివ్వండి" అని, తనకి మాత్రం బంగారు రంగు సెల్ఫీ ఫోను వాయిదాల మీద తీసుకున్నారు. రెండో రోజు పొద్దున్నే ఆ వాచ్‌మన్ వచ్చాడు. పెట్టె కూడా విప్పలేదు. పైన 2 వేలు వేసుకుంటాను, టచ్ ఫోన్ ఇవ్వండి బాబూ అని!

డిస్ట్రిబ్యూటర్ సరుకు వెనక్కి తీసుకోనన్నాడు. గాజువాక కుర్రాడు మాత్రం ఒక్క మాట అనలేదు, అదింకా బాధ.

మార్కెటింగ్ చదివేవాళ్ళు, ఇక్కడ పెన్ను తీయండి. సోకుకి ధర ఎంతో కంపెనీ లెక్కల్లో వెతక్కండి, బేరంలో చూడండి. చార్జర్ దగ్గర 50 రూపాయలకి గంటసేపు గీసి గీసి బేరమాడే మనిషి, సోకు ఫోన్‌కి నోరెత్తకుండా వాయిదా కాగితం మీద సంతకం పెడతాడు. ఎక్స్‌చేంజ్‌కి ఒకే ఏడాది కొన్న రెండు ఫోన్లు వస్తే, క్రేజున్నదానికే రేటు పలుకుతుంది. అయితే ఆ లాభం కంపెనీకి పోతుంది, షాపువాడి దాకా రాదు. మాకు మిగిలేది కవర్ల మీదా టెంపర్డ్ గ్లాసుల మీదే.

ఇంకోటి, సోకు ఇచ్చేది చూసేవాళ్ళు. గూగుల్ కళ్ళజోడు 2013లో 1,500 డాలర్లు. అందులో కెమెరా ఉందని, పెట్టుకున్నవాణ్ణి చూసి పక్కవాళ్ళు మొహం చిట్లించారు. 2015 జనవరిలో ఆ మోడల్ అమ్మడం ఆపేశారు. అంత పెద్ద కంపెనీ, పక్కవాడి మొహాన్ని కొనలేకపోయింది.

ముగించమని చీటీ వచ్చింది. నా 200లో ఇంకా 11 అటక మీద ఉన్నాయి. కావాలంటే చెప్పండి, టార్చి ఇప్పటికీ వెలుగుతుంది. ఏమ్మా మూడో వరసా, ఆ చిల్లు కవరు ఎంతకి కొన్నావు? 400? బేరమాడలేదా? మాకు హోల్‌సేల్‌లో 40కి వచ్చేదమ్మా అది.