మడిలో నాచు, సీసాలో పాదరసం

శ్రోతలకు నమస్కారం.

ఊడ్పులైన కొన్నాళ్ళకు అమలాపురం చుట్టుపక్కల ఏ మడి గట్టున కూర్చున్నా, నీటి మీద పచ్చటి తెట్టు కనిపిస్తుంది. చేత్తో తీస్తే జిగురుగా సాగుతుంది. పాకుడు పట్టిందని విసుక్కుంటాం. అందులో నీలి ఆకుపచ్చ నాచు కూడా ఉంటుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి వరిమడికి ఇస్తుందని పి.కె. డే 1939లో చూపించారు. మైక్రోస్కోప్ కింద పెడితే పూసల దండలా ఉంటుంది. మధ్యమధ్య ఒక్కో పూస కాస్త పాలిపోయి, మందమైన గోడతో కనిపిస్తుంది. గాలిలోని నత్రజనిని పట్టే పని జరిగేది ఆ పూసలోనే.

ఈ నాచుకు పాదరసం బద్ధశత్రువు. ప్రోటీన్లలో గంధకం ఉన్న చోటల్లా అంటుకుంటుంది, ఎంజైములు మూలన పడతాయి. మన మళ్ళలో పాదరసం ఉందని నేను అనడం లేదు. కానీ పగిలిన థర్మామీటరును బోదెలోకి విసిరేవాళ్ళు లేకపోలేదు.

ఎంత పాదరసం పడితే నాచు చస్తుంది? దీనికి ఒక్క అంకెతో జవాబు లేదు. ఆ నీళ్ళలో ఇంకేం కరిగి ఉన్నాయో ముందు చెప్పాలి.

సున్నం సంగతే చూడండి. నాచు కణం పైపొర మీద రుణావేశం ఉన్న చోట్లు ఉంటాయి. సున్నంలోని కాల్షియం ముందే వెళ్ళి వాటిలో కూర్చుంటే, పాదరసానికి చోటు కరువవుతుంది. అయితే ఇదంతా గుమ్మం దగ్గర జరిగే తోపులాట. పాదరసం లోపలికి పోయి గంధకాన్ని పట్టుకున్నాక ఎంత సున్నం చల్లినా లాభం లేదు. అందుకే ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నది కూడా లెక్కలోకి వస్తుంది.

చెరువుల్లో నాచు చావడానికి వేసే మైలుతుత్తం వేరే కథ. అందులోని రాగి కూడా గంధకం వెంటే పడుతుంది. చిటికెడు రాగి నాచుకూ కావాలి, మోతాదు మించితే మాత్రం రెండో దెబ్బ.

వరికి వేసే జింకు ఇంకో రకం. జింకు ఎక్కువైతే కొన్ని నాచులు గంధకం నిండిన చిన్న ప్రోటీన్ ఒకటి తయారు చేసుకుంటాయి. అలాంటి ప్రోటీన్ పాదరసాన్ని కూడా పట్టి ఉంచగలదు. నాకు భలే ముచ్చటేసే సంగతి ఇది.

అంతర్వేది వైపు నీళ్ళలో ఉప్పెక్కువ. అక్కడ క్లోరైడ్ చేరి పాదరసం రూపాన్నే మార్చేస్తుంది, కణంలోకి దూరే తీరూ మారుతుంది.

కాబట్టి నీళ్ళు పరీక్షకు పట్టుకెళ్ళేవారు పాదరసం ఒక్కటే కొలిపించుకుని రాకండి. సున్నం, ఉప్పు, రాగి, జింకు కూడా చూడమని అడగండి.

సెలవు.