నచ్చకపోవడం వేరు, కుదరకపోవడం వేరు

అందరికీ నమస్కారం.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ మన విశాఖ మీద పడిన రోజు. తర్వాత చాలా రోజులు మా అపార్ట్‌మెంటుకు కరెంటు లేదు. మోటారు తిరగదు, ట్యాంకులో చుక్క లేదు. ట్యాంకర్ వచ్చిందంటే 32 ఇళ్లవాళ్లం బిందెలతో ఒకేసారి కిందికి పరుగు, తోపులాట.

ఓ సాయంత్రం మా మూడో అంతస్తులోని ఎనిమిది ఇళ్లవాళ్లం మెట్ల మీద కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నాం. పొద్దున్న ఆరింటికి ఇంటికొకరు దిగి వంతులవారీగా పట్టుకుందామన్నాను. ఏడిళ్లవాళ్లు సరేనన్నారు. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే అమ్మాయి మాత్రం, "నేనొచ్చేసరికి ఎనిమిదవుతుంది బాబాయ్ గారూ, ఇంట్లో మా అత్తగారు మంచం దిగలేరు" అంది. చేతులెత్తించి ఉంటే నా మాటే నెగ్గేది. ఆ ఇంటికి మాత్రం నీళ్లుండేవి కావు. తన రెండు బిందెలూ రాత్రే ఎదురింటి గుమ్మంలో పెట్టి వెళ్లేట్టు, ఎదురింటివాళ్లే పట్టి ఉంచేట్టు మార్చుకున్నాం. ఐదు నిమిషాలు పట్టిందేమో.

దీనికో పద్ధతి ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. పేరు సోషియోక్రసీ. నెదర్లాండ్స్‌లో కేస్ బూకె 1926లో బిల్తోవెన్‌లో బడి పెట్టి, పిల్లలూ టీచర్లూ కలిసి నిర్ణయించుకునేలా నడిపాడు. ఆ బడిలో చదివిన ఇంజినీరు గెరార్డ్ ఎండెన్‌బర్గ్ 1970ల్లో తన కుటుంబ ఎలక్ట్రికల్ కంపెనీలో దాన్ని పకడ్బందీగా అమలు చేశాడు.

అక్కడ ఎంతమందికి ఇష్టమని అడగరు. దీనివల్ల ఎవరికైనా కుదరనిది ఉందా, ఎందుకు కుదరదు అని అడుగుతారు. గోడలకు ఆకుపచ్చ రంగు నాకు నచ్చదు, అయినా సర్దుకుపోగలను. నీళ్లొచ్చే వేళకు ఇంట్లో ఉండలేనంటే అది కుదరకపోవడం. కుదరదన్నవాళ్లు కారణం చెప్పాలి. దాన్ని తీర్చే పని మాత్రం అందరిదీ.

మరి నగరమంతా అలా కూర్చోగలదా? మన డ్వాక్రా అక్కచెల్లెళ్లను చూడండి. పదీ పదిహేను మంది ఒక సంఘం, సంఘాలన్నీ కలిసి సమాఖ్య. సోషియోక్రసీలోనూ ప్రతి చిన్న బృందం నుంచి ఇద్దరు పై బృందంలో కూర్చుంటారు, ఒకరు పని నడిపించేవారు, ఒకరు బృందం ఎంచుకున్నవారు. నడిపించేవారు ఒక్కరే వెళ్తే పైనుంచి మాట దిగుతుంది గానీ కిందిమాట పైకెక్కదు. నాకైతే ఈ రెండో మనిషే ఈ పద్ధతికి ప్రాణం అనిపిస్తుంది.

3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలుండాలని 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. అది 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. మన విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో 98 వార్డులు. ఒక్కో వార్డులో వేల మంది. అంతమందిలో నైట్ డ్యూటీ అమ్మాయి గొంతు వినపడాలంటే మొదలు మెట్ల దగ్గరే కావాలి.

వచ్చే ఆదివారం సాయంత్రం మా సెల్లార్లో పార్కింగ్ తగాదా గురించి అంతస్తులవారీగా ఇలాగే కూర్చుంటున్నాం. చూడాలనుకున్నవాళ్లు రండి, కుర్చీలు వేయిస్తాను.